నీటిని పోనిచ్చి బురదను నిలిపిన తొట్టి

శీతల పానీయాలు, బీరు, పండ్ల రసాలు తయారయ్యే కర్మాగారాల నుంచి వెలువడే వ్యర్థజలంలో పాదరసం, సీసం వంటి విషాలు సాధారణంగా ఉండవు. సీసాలు కడిగిన నీరు, తొట్లను శుభ్రపరచిన కాస్టిక్ సోడా ద్రావణం, ఒలికిపోయిన పానీయం, బీరు విషయంలో అడుగున మిగిలిన ఈస్టు మడ్డి, ఉడికించిన మాల్టు పిప్పి నుంచి కారిన రసం కలిసి ఆ జలం ఏర్పడుతుంది. అందులోని మాలిన్యం ప్రధానంగా చక్కెర, పిండిపదార్థం, ఆల్కహాలే అయినప్పటికీ, అది వాగులో కలిసినప్పుడు ఆ తీపిని తిని పెరిగే బాక్టీరియా నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను హరించి చేపలకు ఊపిరాడకుండా చేస్తుంది. అందువల్ల ఇటువంటి మాలిన్యాన్ని, దానిని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ పరిమాణంతో కొలుస్తారు: నిర్ణీత రోజుల్లో సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్‌ను బీఓడీ అనీ, రసాయనాలతో దాదాపు పూర్తిగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్‌ను సీఓడీ అనీ అంటారు. ఇళ్ల మురుగునీటిలో సీఓడీ సాధారణంగా లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల లోపే ఉండగా, బీరు కర్మాగారపు నీటిలో అది 2,000 నుంచి 6,000 వరకు ఉంటుంది.

ఈ ఆక్సిజన్ బాకీని తీర్చే సూటియైన మార్గం నీటిలోకి గాలి ఊదడం. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞులు 1914లో ప్రకటించిన ఉత్తేజిత బురద పద్ధతి ఈ సూత్రం మీదనే నిలిచి, నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అయితే చిక్కని పానీయ వ్యర్థాలకు దీనిని వాడినప్పుడు కిలో సీఓడీకి సుమారు ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చు కావడమే కాక, తొలగిన మాలిన్యంలో దాదాపు సగం కొత్త సూక్ష్మజీవుల శరీరాలుగా, అంటే మళ్లీ పారవేయవలసిన బురదగా, మిగిలిపోతుంది.

గాలి తగలని చోట జరిగే కుళ్లు వేరొక దారిని చూపుతుంది. ఇటలీలోని మాజ్జోరె సరస్సు బురదను కదిపి పైకి వచ్చిన బుడగలను వోల్టా అనే శాస్త్రజ్ఞుడు 1776లో సేకరించి, ఆ వాయువు మండుతుందని నిరూపించాడు. తరువాతి కాలంలో దానికి మీథేన్ అనే పేరు స్థిరపడింది. పల్లెటూళ్ల గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదీ ఇదే క్రియ. ఇందులో మొదటి జట్టు సూక్ష్మజీవులు పెద్ద అణువులను చక్కెరలుగా విడగొడితే, రెండో జట్టు వాటిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తుంది; బాక్టీరియాను పోలి ఉన్నా వేరే వంశానికి చెందిన ఆర్కియా అనే జీవులు చివరికి ఆ ఆమ్లాలను, ముఖ్యంగా వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లాన్ని, మీథేన్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ అక్కరలేదు, బురద చాలా తక్కువ, పైగా తొలగిన ప్రతి కిలో సీఓడీకి 0.35 ఘనపు మీటర్ల మీథేన్ లభిస్తుంది. ఇన్ని సుగుణాలున్న పద్ధతి పరిశ్రమలోకి ఆలస్యంగా రావడానికి కారణం, ఆ ఆర్కియా రెట్టింపు కావడానికి రోజులు పట్టడం. నీటితో పాటు అవీ కొట్టుకుపోకుండా ఉండాలంటే నీటిని వారాల తరబడి తొట్టిలో ఉంచాలి. రోజూ లక్షల లీటర్లు వదిలే కర్మాగారంలో అంత పెద్ద తొట్టి కట్టడం సాధ్యం కాదు.

కనుక నీరు గంటల్లో దాటిపోవాలి, బురద మాత్రం నెలల తరబడి నిలవాలి. 1950లలో దక్షిణాఫ్రికాలో స్టాండర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ద్రాక్షసారా బట్టీల వ్యర్థాన్ని అడుగు నుంచి పైకి పంపి, పైభాగంలో బురదను తేర్చుకునే తొట్టిని వాడి ఈ దిశలో ఒక అడుగు వేశారు. 1969లో అమెరికాలో యంగ్, మెక్‌కార్టీ అనే పరిశోధకులు రాళ్లతో నింపిన తొట్టిలో సూక్ష్మజీవులను ఆ రాళ్లకే అంటిపెట్టుకునేలా చేసి మరొక మార్గం చూపారు. అయితే రాళ్లు తొట్టిలో చాలా చోటు ఆక్రమిస్తాయి, కాలక్రమేణా వాటి సందులు పూడుకుపోతాయి.

నెదర్లాండ్స్‌లోని వాహెనింగన్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో హాట్సె లెట్టింగా కూడా 1970ల ఆరంభంలో ఈ రాళ్ల తొట్టితోనే పరిశోధన ప్రారంభించాడు. తొట్టి అడుగున ఏ ఆధారమూ లేకుండా తేలుతూ పేరుకున్న బురదే ఎక్కువ పని చేస్తున్నదని గమనించి, ఆయన రాళ్లను పూర్తిగా తొలగించాడు. బీట్ చక్కెర కర్మాగారంలో 6 ఘనపు మీటర్ల ప్రయోగాత్మక తొట్టి తరువాత 200 ఘనపు మీటర్ల పూర్తిస్థాయి తొట్టిని నడపగా, నీరు కేవలం 4 గంటలు నిలిచినప్పటికీ ఘనపు మీటరుకు రోజుకు 16 కిలోల వరకు సీఓడీని అది సంతృప్తికరంగా శుద్ధి చేసింది. ఈ ఫలితాలు 1980లో ప్రచురితమయ్యాయి. పైకి ప్రవహించే నీటిలో బురద దుప్పటిలా పరచుకుని ఉండే ఈ వాయురహిత తొట్టిని ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలతో యూఏఎస్‌బీ అంటారు.

ఈ తొట్టిలో తిరిగే చక్రాలు గాని, కలియబెట్టే గరిటెలు గాని ఉండవు. అడుగున సమానంగా పరచిన గొట్టాల ద్వారా ప్రవేశించిన నీరు బురద దుప్పటిని చీల్చుకుంటూ పైకి లేస్తుంది. లోపల పుట్టిన వాయువు బుడగలే బురదను కలియబెడతాయి. పైభాగంలో బోర్లించిన గరాటులను పోలిన కప్పు ఒకటి ఉండి, బుడగలను తన కిందికి మళ్లించి గొట్టంలోకి పంపుతుంది. బుడగలు విడిచిపోయిన బురద నిశ్చల జలంలో బరువెక్కి మళ్లీ కిందికి జారుతుంది, తేరిన నీరు అంచు కాలువలోకి పొర్లుతుంది. వాయువును, నీటిని, బురదను వేరుచేసే ఈ కప్పు లేనిదే యంత్రం లేదు. దీనికి తోడు ప్రకృతి ఒక సాయం చేసింది: తేలికైన బురద క్రమంగా కొట్టుకుపోగా, ఒకదానినొకటి పెనవేసుకున్న సూక్ష్మజీవులు అర మిల్లీమీటరు నుంచి కొన్ని మిల్లీమీటర్ల వ్యాసం గల గట్టి గుళికలుగా మారాయి. నీరు గంటకు ఒక మీటరు లోపు వేగంతో పైకి పోతుంటే, ఈ గుళికలు అంతకు ఎన్నో రెట్ల వేగంతో కిందికి దిగుతాయి.

పానీయ పరిశ్రమకు ఈ తొట్టిని ఎలా రూపొందిస్తారో ఊహాత్మకమైన ఒక లెక్కతో చూడవచ్చు. రోజుకు 10 లక్షల లీటర్ల నీటిని, లీటరుకు 3,000 మిల్లీగ్రాముల సీఓడీతో వదిలే బీరు కర్మాగారం 3,000 కిలోల భారాన్ని పంపుతుంది. ఘనపు మీటరుకు రోజుకు 10 కిలోల చొప్పున అనుమతిస్తే 300 ఘనపు మీటర్ల తొట్టి చాలు. అందులో నీరు దాదాపు 7 గంటలు నిలుస్తుంది, ఎత్తు 5 మీటర్లయితే పైకి లేచే వేగం గంటకు 0.7 మీటరు. మాలిన్యంలో 80 శాతం తొలగితే రోజుకు 840 ఘనపు మీటర్ల మీథేన్ లభిస్తుంది. ఘనపు మీటరు మీథేన్ ఉష్ణశక్తిలో సుమారు లీటరు డీజిల్‌తో సమానం కనుక, ఆ వాయువుతో బాయిలర్‌ను మండించవచ్చు.

అయితే తొట్టి పరిమాణం తేలడంతో రూపకల్పన ముగియదు. సీసాలు కడిగే వేళ నీరు తీవ్రమైన క్షారంగానూ, పానీయం పారబోసిన వేళ ఆమ్లంగానూ ఉంటుంది కనుక, ముందుగా పెద్ద సమీకరణ తొట్టిలో వాటిని కలిపి పీహెచ్‌ను 7 దరిదాపులకు తేవాలి. శీతల పానీయాల నీటిలోని చక్కెర ఎండాకాలపు దోసెల పిండి కంటే వేగంగా పులుస్తుంది. పుట్టిన ఆమ్లాన్ని తినే వేగం ఆర్కియాకు లేకపోతే తొట్టి మొత్తం పులిసి మీథేన్ నిలిచిపోతుంది. ఈ ప్రమాదాన్ని నివారించడానికి సోడా లేదా సున్నం కలుపుతారు. చక్కెరలో నత్రజని, ఫాస్ఫరస్ లేవు కాబట్టి యూరియా, ఫాస్ఫేటు కూడా అందించవలసి వస్తుంది. ఈస్టు, పిప్పి గుళికల మధ్య చేరకుండా ముందే వడపోయాలి.

పై లెక్కలో శుద్ధి తరువాత కూడా లీటరుకు 600 మిల్లీగ్రాముల సీఓడీ మిగులుతుంది. భారతదేశపు సాధారణ ప్రమాణాల ప్రకారం నదుల్లోకి వదిలే నీటిలో సీఓడీ 250, బీఓడీ 30 మిల్లీగ్రాములు మించరాదు. ఆ తేడాను పూడ్చడానికి గాలి ఊదే తొట్టి తప్పనిసరి అవుతుంది. కాని అది మోయవలసింది అయిదో వంతు భారమే కనుక విద్యుత్తు ఖర్చు బాగా తగ్గుతుంది.

తరువాతి దశాబ్దాల్లో ఈ తొట్టి మరింత ఎత్తుగా, సన్నగా పెరిగి, నీటిని ఎన్నో రెట్ల వేగంతో పంపే రూపాలను సంతరించుకుంది. పలుచని పట్టణ మురుగునీటికి కూడా దీనిని ఉష్ణదేశాల్లో ప్రయత్నించారు: గంగా కార్యాచరణ పథకం కింద కాన్పూరులోనూ, మూసీ శుద్ధిలో భాగంగా హైదరాబాదులోని అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతోనూ ఇది వెలసింది. మురుగునీటిలో మాలిన్యం పలుచన కనుక అక్కడ వాయువు లాభం తక్కువ. చిక్కని, వెచ్చని పానీయ వ్యర్థమే దీనికి అనువైన ఆహారం.

లెట్టింగా ఈ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. 2007లో టైలర్ బహుమతి, 2009లో సింగపూరు వారి లీ క్వాన్ యూ జల పురస్కారం ఆయనను వరించాయి. కొత్త తొట్టిని ఖాళీగా ప్రారంభిస్తే గుళికలు ఏర్పడడానికి నెలలు పడతాయి కనుక, నడుస్తున్న కర్మాగారం నుంచి మిగులు గుళికలను తెచ్చి పాలకు తోడు వేసినట్లు వేస్తారు. పారవేయడానికి ఖర్చుపెట్టవలసిన బురద ఈ పద్ధతిలో కొనుక్కునే వస్తువుగా మారడం, దానిని పోనివ్వకుండా నిలపడంలోనే విద్య అంతా ఉన్నదనడానికి తగిన సాక్ష్యం.