నింజా పరుగు, నేవన్ ఖనిజం

జపానులోని టెక్మో సంస్థ 1988 డిసెంబరులో నింటెండో యంత్రం కొరకు 'నింజా ర్యూకెండెన్' అను వీడియో గేమ్‌ను విడుదల చేసింది. అమెరికాలో అది 'నింజా గైడెన్' అయింది. 1991లో ఐరోపాకు వచ్చేసరికి పేరులోని నింజా మాయమై 'షాడో వారియర్స్'గా మిగిలింది. పిల్లల వినోదంలో ఆ మాట పనికిరాదన్న సంకోచం ఆనాడు బ్రిటన్, ఐర్లండ్‌లలో ఉండేది. నాలుగు తాబేళ్ల ప్రసిద్ధ కార్టూను సైతం అక్కడ నింజా బిరుదును వదులుకొని 'హీరో' బిరుదుతో సరిపెట్టుకున్నది.

తండ్రి మరణ రహస్యాన్ని వెదుకుతూ ర్యూ హయబుసా అను యువకుడు కత్తి చేబూని పరుగెత్తుతాడు. దృశ్యం పక్కకు జరుగుతూ ఉంటుంది. తెర అంచునుండి ఒక పక్షి దూసుకువచ్చి తగిలిందా, నాయకుడు వెనుకకు ఎగిరి అగాధంలో పడతాడు. ఒక అడుగు వెనుకకు వేస్తే చచ్చిన శత్రువు మరల లేచి నిలుస్తాడు! ఇంతటి నిర్దయ గల ఆటలో గెలుపోటములను నిర్ణయించేది సెకండులో ఏ పదవ వంతో.

ఆ దశకంలోనే తెలుగునాట కూడా నింటెండోకు అనుకరణలైన చౌక యంత్రాలు ఇళ్లకు చేరాయి. హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టీవీల వంటి పెట్టెల ముందు పిల్లలు బాసింపట్లు వేసుకొని కూర్చునేవారు. నాటి పిల్లలు నేడు తల్లిదండ్రులై, అదే ఆటను గోడకు తగిలించిన పలుచని తెరపై తమ బిడ్డలకు చూపబోతే ఏదో వెలితి కనబడుతుంది. పరుగు మసకబారుతుంది. మీట నొక్కిన క్షణానికి గెంతు అందదు. దీనికి వయస్సును నిందించడం ఆనవాయితీ. అసలు కారణంలో అధికభాగం తెరలోనే ఉన్నది.

పాత టీవీలోని పిక్చర్ ట్యూబు గాజుతో చేసిన శూన్యనాళం. దాని వెనుక కొననుండి ఎలక్ట్రాన్ల పుంజం బయలుదేరి, ముందుభాగపు లోపలివైపు పూసిన పొడిని గీత వెంట గీతగా తాకుతుంది. తాకిన చోట పొడి వెలుగుతుంది. రంగుల టీవీలో నీలము, ఆకుపచ్చ రంగులనిచ్చే పొడి జింకు సల్ఫైడ్. దానిలో లేశమాత్రం వెండిని కలిపితే నీలికాంతి, రాగిని కలిపితే ఆకుపచ్చ కాంతి వస్తాయి. ఎరుపు మాత్రం యూరోపియం కలిపిన యిట్రియం సమ్మేళనానిది. మాలిన్యానికి ఇంత మర్యాద దక్కే సందర్భాలు రసాయనశాస్త్రంలో అరుదు. అయితే ఇనుము, నికెల్ వంటివి పదిలక్షల పాళ్లలో కొన్ని చేరినా ఈ కాంతి క్షీణిస్తుంది. కనుక ఈ పొడిని మొదట అత్యంత శుద్ధంగా తయారుచేసి, ఆపై కోరిన మాలిన్యాన్ని తూచి కలపవలసి ఉంటుంది. 1909లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో గైగర్, మార్స్‌డెన్‌లు ఆల్ఫా కణాల మెరుపులను లెక్కించినది కూడా జింకు సల్ఫైడ్ తెరమీదనే.

ఇక పరుగు సంగతి. ఈ పొడి మెరుపు ఒక మిల్లీసెకండులో చిన్న భాగానికే దాదాపు ఆరిపోతుంది. తరువాతి చిత్రం వచ్చేవరకు ఆ చోటు చీకటిగా ఉంటుంది. సాధారణ పలుచని తెర ఆ విధంగా ఆరదు. సెకండుకు 60 చిత్రాలయితే ఒక్కొక్కదానిని సుమారు 16.7 మిల్లీసెకండ్లు నిలిపి ఉంచుతుంది. మన కన్ను కదిలే పక్షిని ఆగకుండా వెంబడిస్తుంది. తెరమీది బొమ్మ మాత్రం ఆగి ఆగి జరుగుతుంది. ఈ తేడా కంటిలో మరకగా పరచుకుంటుంది. నింటెండో చిత్రం అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు. చిత్రపు ఇటుకలు 8 చుక్కలవి. దృశ్యం చిత్రానికి 2 చుక్కల వంతున జరిగిందనుకుంటే, ప్రతి ఇటుకలోను నాలుగవ వంతు చెదరిపోతుంది. పైగా కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దుటకు కొంత వ్యవధి తీసుకుంటాయి. ఇటువంటి ఆటలో ఆ వ్యవధి చాలు, ప్రాణం పోవడానికి.

ఈ జింకు సల్ఫైడే ప్రకృతిలో స్ఫాలరైట్ అను ఖనిజం. డబ్లిన్‌కు వాయవ్యంగా, బోయిన్, బ్లాక్‌వాటర్ నదులు కలిసే చోటున్న నేవన్ పట్టణం చెంత దీని మహానిక్షేపం ఒకటి 1970లో బయటపడింది. టారా గని 1977లో ఉత్పత్తి ప్రారంభించి ఐరోపాలోనే అతిపెద్ద జింకు గనిగా పేరుపొందింది. జింకు ధర పడిపోయి, విద్యుత్ ఖర్చు పెరిగినందున 2023 జులైలో మూతబడి, 2024 చివర తిరిగి తెరచుకున్నది. అక్కడి ఖనిజం రైలులో డబ్లిన్ ఓడరేవుకు, అక్కడినుండి విదేశీ కర్మాగారాలకు పోతుంది. విశాఖలో హిందుస్థాన్ జింక్ కర్మాగారాన్ని చూచినవారికి ఆ పని ఎటువంటిదో తెలిసే ఉంటుంది. లోకంలో జింకులో అధికభాగం ఇనుము తుప్పుపట్టకుండా పూతకే ఖర్చవుతుంది; టీవీ తెర అడిగినది చిటికెడే.

నేవన్ గనిలో జింకుతోపాటు దొరికే రెండవ లోహం సీసం. అదీ పిక్చర్ ట్యూబులో ఉన్నది. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్లు తెరను తాకినపుడు పుట్టే ఎక్స్ కిరణాలను ఆపుటకు, నాళపు వెనుక గరాటు గాజులో దాదాపు ఐదవ వంతు సీసపు ఆక్సైడ్ కలిపేవారు. ఆ సీసమే ఇప్పుడు పాత టీవీలకు మృత్యుపాశమైనది. వాటిని చెత్తలో పారవేయరాదు. ఐర్లండ్‌లో 2005 నుండి పాత విద్యుత్ పరికరాలను ఉచితంగా తీసుకునే ఏర్పాటు ఉన్నది. ఆ దారిన పోయిన నాళాలను పగులగొట్టి, సీసపు గాజును వేరుచేసి, జింకు సల్ఫైడ్ పొడిని పీల్చివేస్తారు. పర్యావరణానికి అది క్షేమమే.

కాని సోనీ తన ట్రినిట్రాన్ నాళాల తయారీని 2008 నాటికే విరమించింది. ఇతరులదీ అదే బాట. ఆట తాలూకు ప్రోగ్రామును ఎన్ని కంప్యూటర్లలోనైనా దాచవచ్చును. 2025లో వచ్చిన 'నింజా గైడెన్: రేజ్‌బౌండ్' ఆ పాత పరుగును కొత్త యంత్రాలపై మరల చూపింది. సెకండుకు 240 చిత్రాలు చూపే తెరలపై ఎలక్ట్రాన్ పుంజపు నడకను అనుకరించే ప్రోగ్రాములూ వచ్చాయి; ఫలితం మెచ్చదగినదే. అసలు నాళంలోనైతే కాథోడ్ వాడిన కొద్దీ అరుగుతుంది, బొమ్మ మసకేస్తుంది, దానిని మార్చుటకు కొత్త నాళం దొరకదు. అటక మీది పాత టీవీని పునర్వినియోగ కేంద్రానికి మోసుకుపోయేవారు, బయలుదేరే ముందు ఒకసారి స్విచ్ వేసి చూడటం మంచిది. తెర వెలిగితే, ఇచ్చివేయకముందు పాత ఆటలాడేవారు ఎవరైనా ఉన్నారేమో విచారించవచ్చును.