నురగ నీళ్ళలో పడవ



వాగు పొంగితే మనం ఒడ్డున ఆగిపోతాం. కానీ కేరళలో కోజికోడ్ జిల్లాలో వాగు పొంగినప్పుడే పడవ దింపేవాళ్ళున్నారు. అక్కడ చాలిపుజ, ఇరువంజిపుజ అనే కొండ ఏర్ల మీద వానాకాలంలో పడవ పందేలు జరుగుతాయి. 2013లో మొదలైనాయి. ఆ పడవని కయాక్ అంటారు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డు వేస్తారు. అలాంటి నీళ్ళలోకి దిగే ముందు ఆరితేరినవాళ్ళు ఏం చేస్తారో చెప్తాను.

మొదటిది నీళ్ళ లెక్క. నురగ నీళ్ళకి 1 నుంచి 6 దాకా తరగతులున్నాయి. 1 అంటే తేలిక. 5 అంటే బాగా ఆరితేరినవాళ్ళకే. 6 అంటే ప్రాణం మీదికొచ్చేది. నిన్న 3గా ఉన్న వాగు రాత్రి వాన పడితే ఇవాళ 4 కావచ్చు. అందుకే పైన కొండల్లో వాన పడిందా అని అడుగుతారు. ఒడ్డున రాయి మీద గుర్తు చూసుకుని నీళ్ళు పెరుగుతున్నాయా, తీస్తున్నాయా అని కనిపెడతారు.

రెండోది దారి. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఒడ్డెక్కాలి అని ముందే అనుకుంటారు. ముందు ఏముందో కనపడని చోట పడవ ఆపి, ఒడ్డమ్మట నడిచిపోయి చూస్తారు. అడ్డంగా పడిన చెట్టంటే వాళ్ళకి చాలా భయం. కొమ్మల్లోంచి నీళ్ళు పోతాయి, మనిషి చిక్కుకుంటాడు. అలాంటి చోట పడవ భుజాన వేసుకుని నడిచే దాటుతారు. దాన్ని ఎవరూ పిరికితనం అనరు.

మూడోది తోడు. ఒంటరిగా పోరు. లైఫ్ జాకెట్, హెల్మెట్ కట్టుకుంటారు. ప్రమాదం ఉన్న చోట ఒకరు దిగువన తాడు పట్టుకుని నిలబడ్డాకే ఇంకొకరు దిగుతారు. హోరులో మాట వినపడదు కాబట్టి ఈల, చేతి సైగలు. నీళ్ళలో పడితే లేచి నిలబడరు. కాలు రాళ్ళ సందున ఇరుక్కుంటే జోరు నీళ్ళు మనిషిని ముంచేస్తాయి. వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు పెట్టి తేలుతారు.

ఇదంతా మనకెందుకు అంటారా? దసరా సెలవులకి మనలో చాలామంది వాగు దాటే ఇంటికి పోవాలి. మనకి జాకెట్టూ లేదు, తాడూ లేదు. అన్నీ ఉన్నవాళ్ళే చూడకుండా దిగరు. మా నాన్న బడికి పోలేదు. అయినా వాగు ఎర్రబడి ఆకులు కొట్టుకొస్తుంటే ఆగమంటాడు. అదీ ఈ లెక్కే. కాబట్టి నీళ్ళు తీసేదాకా ఆగండి.

మేడం గారూ, వాగు తగ్గక ఒక రోజు ఆలస్యంగా వచ్చినవాళ్ళని కోప్పడవద్దని మనవి.

– 9వ తరగతి విద్యార్థిని