రహీం సాబ్ జట్టు

ఈమధ్య ఒక ఆదివారం మావాడు మైదానం నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడి, "నేనింక అక్కడ ఆడను నాన్నా" అన్నాడు. పన్నెండేళ్ళవాడు. కృష్ణరాజపురంలో మా ఇంటి దగ్గర రెండేళ్ళుగా ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. కోచ్ వాణ్ణి ముందు వరసలోంచి తీసి వెనక బ్యాక్‌గా నిలబెట్టాడట. ఇక గోల్ కొట్టే యోగం లేదట. వైట్‌ఫీల్డ్ వైపు ఇంకో అకాడమీవాళ్ళు ముందు వరసలోనే ఆడిస్తామన్నారట, వాళ్ళ జెర్సీ కూడా బాగుంటుందట.

నేను నోరు విప్పేలోపే లోపలిగదిలోంచి మా నాన్నగారి గొంతు వినిపించింది. "అజీజుద్దీన్ ఎన్ని గోల్స్ ఆపాడో తెలుసేమో అడుగు వాణ్ణి!"

నాన్నగారిది సికింద్రాబాదు. 1965లో ఐ.టి.ఐ.లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశారు. ఇప్పుడు ఎనభై మూడేళ్ళు. పొద్దున ఏం టిఫిను తిన్నారో గుర్తుండదుగాని, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంగతులు మాత్రం నిన్న చూసినట్టు చెబుతారు. చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో ఆ జట్టు ఆట చూడ్డానికి బడి ఎగ్గొట్టేవారట. (ఇది మావాడి ముందు చెప్పవద్దని చాలాసార్లు వేడుకున్నాను.)

ఆ జట్టు ఘనత ఈ తరానికి తెలియదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ వాళ్ళదే. 1950లో, స్వాతంత్ర్యం తర్వాత జరిగిన మొదటి డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను రీప్లేలో 1-0తో ఓడించారు. అంతకు ముందే, 1943లో, మన బెంగళూరులోనే యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఏర్ ఫోర్స్ జట్టును ఓడించి పేరు తెచ్చుకున్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు నాన్నగారు ఈ ఊరికేదో మేలు చేసినట్టు మొహం పెడతారు!

1950 నుంచి ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. మావాడికి ఆయన 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్‌గా తెలుసు. అసలాయన బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పాడు. ఆ పంతులు బుద్ధే మైదానంలోనూ కనిపించేది. పిల్లలకు బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టించాడు. పొట్టివాళ్ళకు విడిగా పోటీలు, బంతిని కాళ్ళ దగ్గర అట్టే పెట్టుకోకుండా వెంటనే అందించాల్సిన పోటీలు, ఇలా ఎన్నో. ఒంటరిగా నలుగుర్ని తప్పించుకుపోయేవాడికన్నా బంతి సరిగ్గా అందించేవాడే ఆయనకు ఇష్టం. అందుకేనేమో ఆ జట్టులో వెనక నిలబడేవాళ్ళకు అంత గౌరవం ఉండేది. బ్యాక్ అజీజుద్దీన్ 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటికీ వెళ్ళాడు. మెల్‌బోర్న్‌లో రహీం సాబ్ తీర్చిదిద్దిన భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత మనం ఒలింపిక్స్‌లో అంత దూరం వెళ్ళలేదు.

"ఒకే జట్టుకు ఎందుకు అతుక్కోవాలి తాతయ్యా?" అన్నాడు మావాడు. దానికి జవాబుగా నాన్నగారు ఎదుటి జట్టువాడి పేరే చెప్పారు. శైలేన్ మన్నా, 1950లో ఓడిన మోహన్ బగాన్ బ్యాక్. 1942 నుంచి 1960 దాకా ఆ ఒక్క క్లబ్బుకే ఆడాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు ఆయన కెప్టెన్, రహీం కోచ్. క్లబ్బు దగ్గర డబ్బు తీసుకోలేదంటారు. జియొలాజికల్ సర్వేలో ఉద్యోగం.

ఇక్కడ నాన్నగారితో నాకు పేచీ. మన్నాకు ఉద్యోగం ఉంది, హైదరాబాద్ ఆటగాళ్ళకు పోలీసు శాఖ జీతమిచ్చింది. ఐ.టి.ఐ., హెచ్.ఏ.ఎల్. జట్లలో ఆడినవాళ్ళదీ అదే కథ. నెల తిరిగేసరికి ఇంట్లో బియ్యం ఉంటే జట్టు మీద మమకారం నిలబెట్టుకోవడం కాస్త తేలిక. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. హైదరాబాద్‌లోనే ఎదిగిన నయీముద్దీన్ కలకత్తా క్లబ్బులకు వెళ్ళి, డిఫెండర్‌గా 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెనయ్యాడు. తర్వాత కోచ్‌గా 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నాడు. వాళ్ళు తప్పు చేశారని ఎలా అంటాం? నాన్నగారు ఒప్పుకోరు, అలాగని బలరాంను ఒక్క మాటా అననివ్వరు.

మావాడేమైనా తక్కువ తిన్నాడా! "హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఐ.ఎస్.ఎల్. గెలిచి, 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయింది కదా తాతయ్యా? జట్టే మారిపోతే నేనెందుకు మారకూడదు?" అన్నాడు. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు.

తర్వాత నాన్నగారు 1962 జకార్తా కథ ఎత్తుకున్నారు. జర్నైల్ సింగ్ బ్యాక్. థాయిలాండ్‌తో ఆటలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు. చివరిదాకా పోలీస్ జట్టును వదల్లేదు. ఆయన పోయాక ఆ జట్టుకు మళ్ళీ ఆ వైభవం రాలేదు. "ఆ ఏడాది మా వీధిలో కుర్రాళ్ళెవరూ కొన్నాళ్ళపాటు బంతి ముట్టుకోలేదు" అన్నారు నాన్నగారు.

మావాడు బూట్లు విప్పుతూ, "బ్యాక్ కూడా గోల్ కొట్టొచ్చన్నమాట" అన్నాడు. వాడు పట్టుకున్న నీతి అదొక్కటే!

మర్నాడు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తాతామనవళ్ళు మేడమీద ఉన్నారు. నాన్నగారు కుర్చీలో కూర్చుని లెక్కపెడుతున్నారు. వాడు నీళ్ళ ట్యాంకు గోడకేసి ఎడంకాలితో బంతి తంతున్నాడు. కింది వాటా ఆవిడ అప్పటికే రెండుసార్లు పైకి వచ్చి వెళ్ళిందట. వైట్‌ఫీల్డ్ సంగతి నేనడగలేదు, వాడూ ఎత్తలేదు. ఫీజు కట్టడానికి మాత్రం ఈ నెలాఖరు దాకా గడువుంది.