వైర్‌మన్‌కి ఇంజనీర్ల సంఘంలో చోటు ఎక్కడ?

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైదరాబాద్-విజయవాడ రహదారి వెంట కొత్త ఇళ్లు, షాపులు, ఫంక్షన్ హాళ్లు లేస్తూనే ఉన్నాయి. ఒకపక్క జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు, మరోపక్క మిర్చి, పత్తి చేలల్లో బోరు మోటార్లు. ఒకప్పటి మెట్ట కృష్ణా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో కరెంటు పనికి కొదవ లేదు. గోడకు గాడి కొట్టి, పైపు వేసి, వైరు లాగి, మెయిన్ బోర్డు బిగించే చేతుల్లో దళితవాడల, బీసీ వాడల యువకులవి ఎన్నో ఉన్నాయి. పని పూర్తయ్యాక కాగితం మీద సంతకం మాత్రం మరొకరిది.

ఈ పనివాళ్లను ఇంజనీర్ల వృత్తి సంఘంలోకి ఎందుకు తేవాలి? వాళ్లు రావాలంటే సంఘం ఏం మారాలి? ఈ వ్యాసంలో మేము వివరించదలిచింది అదే.

పర్మిట్ ఎవరికి, పేరు ఎవరికి

1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం ఒకటుంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం లాంటి చిన్న పనులు పోను, ఏ వైరింగ్ పనైనా లైసెన్సున్న కాంట్రాక్టరే చేపట్టాలి. అర్హత సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. చేసే మనిషికి పర్మిట్ ఉండాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, మళ్లీ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలూ ఇదే పద్ధతిని కొనసాగించాయి. పర్మిట్, సర్టిఫికెట్, లైసెన్సు ఇచ్చే పని రాష్ట్రాలది.

అదే దేశంలో, వకీళ్లకు 1961 అడ్వొకేట్స్ చట్టం, బార్ కౌన్సిల్ ఉన్నట్టుగా ఇంజనీర్లందరికీ వర్తించే రిజిస్ట్రేషన్ చట్టం లేదు. డిగ్రీ ఉంటే చాలు, ఇంజనీర్ అని రాసుకోవచ్చు. వైరు పట్టుకునే మనిషి మాత్రం పర్మిట్ చూపించాలి. బాధ్యత ఒకరికి, గౌరవం ఇంకొకరికి. శ్రమను కులం మెట్లుగా పేర్చి, కింది మెట్టు మనిషి పైకి రాకుండా చేస్తుందని అంబేడ్కర్ 1936లోనే వాదించారు. ఆ అమరికను కరెంటు పనిలోనూ గుర్తుపట్టవచ్చు.

చాలామంది ఈ పనిని మేస్త్రీ వెనక హెల్పర్‌గా తిరిగి నేర్చుకుంటారు. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చేసినవాళ్లూ సొంత లైసెన్సు లేక మరొకరి లైసెన్సు కింద పని చేస్తారు. ప్రమాదం జరిగినప్పుడు దీని ధర తెలుస్తుంది. దేశంలో విద్యుదాఘాతంతో ఏటా పది వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతాయి. 1923 నాటి పరిహార చట్టమైనా, దాని స్థానంలో తెచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ అయినా పరిహారం ఇచ్చేది పనిలో ప్రమాదం జరిగిందని, పని ఇచ్చిందెవరో తేలిందని చూసే. రికార్డులో పేరే లేని మనిషి కుటుంబం ఆ రెండో మాటను ఎలా రుజువు చేస్తుంది?

తీసేసిన నిచ్చెన

ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) 1920లో ఏర్పడింది, 1935లో రాయల్ చార్టర్ పొందింది. ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. అందులో టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్ అనే సభ్యత్వ తరగతులు కూడా ఉన్నాయి. అంటే తలుపు పూర్తిగా మూసి లేదు. అయితే ఆ తలుపు దాటితే ఏముంది?

ఒకప్పుడు ఏఎంఐఈ ఉండేది. ఉద్యోగం చేసుకుంటూనే సెక్షన్ ఎ, సెక్షన్ బి పరీక్షలు పాసైతే దాన్ని ఇంజనీరింగ్ డిగ్రీతో సమానంగా గుర్తించేవారు. కాలేజీ ఫీజు కట్టలేని, నాలుగేళ్లు కూలి మానుకోలేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు అదొక నిచ్చెన. 2013 మే 31 వరకు చేరినవాళ్లకే ఆ గుర్తింపు పరిమితమైంది. నిచ్చెన తీసేశాక సభ్యత్వ కార్డు ఒక్కటే చేతిలో పెడితే, రోజు కూలి వదులుకుని దానికోసం ఎవరొస్తారు?

బ్రిటన్ అనుభవం

బ్రిటన్‌లో విద్యుత్ ఇంజనీర్ల సంఘం 1871లో టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సొసైటీగా మొదలైంది. 1882లో మొదటి వైరింగ్ నియమాలు ప్రచురించింది. ఈనాటి ఐఈటీ ఆ సంఘానికి వారసురాలు. అక్కడ ఎలక్ట్రీషియన్ రోజూ తిరగేసే బీఎస్ 7671 నియమావళిని బ్రిటిష్ స్టాండర్డ్స్ సంస్థతో కలిసి తెస్తున్నది ఐఈటీయే. పనివాడి చేతిలో పుస్తకం సంఘానిది కాబట్టి ఆ సంఘం అతనికి పరాయిది కాదు. టెక్నీషియన్ సభ్యత్వం, దానిపైన ఇంజనీరింగ్ టెక్నీషియన్ రిజిస్ట్రేషన్ అక్కడ ఉన్నాయి.

మన దగ్గర ఇంటి వైరింగ్‌కు ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ఉన్నాయి. కానీ అవి ఇంగ్లీషులో ఉంటాయి, ఆ నియమాలు మేస్త్రీ నోటి మాటగానే హెల్పర్‌కి చేరతాయి.

మూడు మార్పులు

ఒకటి, భాష. ఎర్తింగ్ ఎలా పరీక్షించాలి, ఏ లోడుకు ఏ వైరు, ఆర్‌సీసీబీ ఎందుకు పెట్టాలి అన్నవి బొమ్మలతో తెలుగులో వైర్‌మన్ చేతికి అందాలి. పర్మిట్ పరీక్షకు శిక్షణ స్థానిక ఐటీఐల్లోనే, పని లేని రోజు చూసి ఇవ్వాలి.

రెండు, పేరు. పని పూర్తయినట్టు ఇచ్చే రిపోర్టులో కాంట్రాక్టరు లైసెన్సు నంబరుతో పాటు, పని చేసిన ప్రతి వైర్‌మన్ పేరు, పర్మిట్ నంబరు రాయాలి. రేపు ప్రమాదం జరిగితే ఆ కాగితమే సాక్ష్యం.

మూడు, నిచ్చెన. అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఇప్పటికే ఉంది. దాన్ని పర్మిట్‌తో, పర్మిట్‌ని సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌తో, అక్కడి నుంచి కాంట్రాక్టరు లైసెన్సుతో కలపాలి. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 4 శాతం లక్ష్యం ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లపై సోలార్ పలకలు పెడతామంటోంది. లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేని దళిత వైర్‌మన్ ఈ రెండింటిలోనూ మళ్లీ ఎవరి కిందో కూలీగానే మిగులుతాడు.

ఇంకో మాట. వృత్తి సంఘం కార్మిక సంఘానికి బదులు కాదు. కూలి రేటు కోసం, పరిహారం కోసం కొట్లాడేది కార్మిక సంఘమే. నైపుణ్యానికి గుర్తింపు తేవాల్సింది వృత్తి సంఘం. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేడ్కర్ కార్మిక శాఖతో పాటు విద్యుత్ విధానాన్నీ చూశారు. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఆ కాలంలోనే వచ్చింది. కార్మికుడి హక్కు, కరెంటు ఆయన బల్ల మీద ఒకే చోట ఉన్నాయి.

నందిగామ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అక్కడ ఎన్నికల్లో అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి కావాలి: మా వాడలో ఎంతమందికి వైర్‌మన్ పర్మిట్ ఉంది, ఎంతమందికి కాంట్రాక్టరు లైసెన్సు ఉంది? ఆ లెక్క విద్యార్థి సంఘాలు వాడవాడా తిరిగి తీయగలిగిందే. లెక్క చేతిలో ఉంటే ఇంజనీర్ల సంఘంతోనూ, విద్యుత్ తనిఖీ శాఖతోనూ మాట్లాడటానికి పునాది దొరుకుతుంది.