కోతలేని బైపాసు అను మాట

ఛాతీని కోయనక్కఱలేదు, నాళములో తీగ దూర్పనక్కఱలేదు, కాళ్లకు పట్టీలు కట్టి గాలి నింపినచో గుండెనొప్పి తగ్గునను ప్రకటనలు ఇటీవల మన పట్టణములలో కనబడుచున్నవి. ఈ చికిత్సకు ఈ.ఈ.సి.పి. అని పేరు. కొందఱు దీనినే కోతలేని బైపాసు అనియు పిలుచుచున్నారు. మాకు పేచీ ఈ రెండవ పేరుతోనే గాని చికిత్సతో కాదు.

చికిత్స యెట్టిదో ముందు చూతము. గుండె ముడుచుకొనినపుడు దేహమందలి తక్కిన అవయవములకు రక్తము పాఱును. గుండె కండరము మాత్రము ఆ సమయమున బిగిసి తన నాళములను తానే నొక్కుకొనును. కావున తన పాలు రక్తమును ముఖ్యముగా విశ్రమించు క్షణముననే పుచ్చుకొనగలదు. పంక్తికంతకు వడ్డించి కడపట విస్తరి వేసికొను ఇల్లాలి వంటిది గుండె. ఆ కడపటి విస్తరిలో నాలుగు మెతుకులు అధికముగా పడునట్లు చేయుటయే యీ యంత్రము పని. రోగిని బల్లపై పరుండబెట్టి పిక్కలకు, తొడలకు, పిఱుదులకు పట్టీలు కట్టుదురు. ఈ.సి.జి. గీత ననుసరించి, గుండె విశ్రమించు క్షణమున అవి క్రిందినుండి పైకి వరుసగా గాలితో బిగిసి, కాళ్లలోని రక్తమును బృహద్ధమనివైపు వెనుకకు త్రోయును. గుండె మరల ముడుచుకొనుటకు లిప్తకాలము ముందు అన్నియు ఒక్కసారి సడలును. అందుచే గుండెకు ఎదురొత్తిడి తగ్గి శ్రమ తేలికపడును. పట్టీల ఒత్తిడి 300 పాదరస మిల్లీమీటర్ల వఱకు ఉండవచ్చును. దినమున కొక గంట, వారమునకు అయిదు దినములు, ఏడు వారములు. వెరసి 35 గంటలు.

ఇది నిన్న పుట్టిన చిట్కా కాదు. 1953లో అమెరికాలో కాంట్రోవిట్జ్ సోదరులు జంతువులపై ఈ సూత్రమును పరీక్షించిరి. వరుసగా బిగియు గాలిపట్టీలను రూపొందించినది చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున జెంగ్ జెన్‌షెంగ్ బృందము. పడమటి ఆలోచన తూర్పున చక్కబడి మరల పడమటికి పోవుట మాకు ముచ్చటగనే యున్నది. 1995లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆంజైనాకు దీని వాడుకను అనుమతించెను.

ఫలితము మాటయేమి? 1999లో ప్రకటితమైన మస్ట్-ఈ.ఈ.సి.పి. పరీక్షలో 139 మంది రోగులు పాల్గొనిరి. కొందఱికి నిజమైన ఒత్తిడిని, కొందఱికి 75 మిల్లీమీటర్ల నామమాత్రపు ఒత్తిడిని ఇచ్చిరి. వ్యాయామము చేయునపుడు ఈ.సి.జి.లో రక్తలోపపు గుర్తు కనబడుటకు పట్టు కాలము నిజచికిత్స పొందినవారిలో పెరిగెను. నొప్పి వచ్చుట తగ్గెను. అయినను మొత్తము వ్యాయామకాలమున రెండు పక్షములకును గణింపదగిన భేదము లేకుండెను. 2012 నాటి అమెరికా వైద్యసంఘముల సూచనలు, ఇతర మార్గములు ఫలింపని ఆంజైనాకు దీనిని ఆలోచింపవచ్చునని మాత్రమే చెప్పినవి. ఈ "వచ్చును" అను క్రియాపదమును మన ప్రకటనకర్తలు "తీరును" గా మార్చి అచ్చువేయుచున్నారు.

నాళములో పేరుకొనిన కొవ్వు ఈ ఒత్తిడికి కరగిపోవునని నిరూపణము లేదు. ఎడమ ప్రధాన ధమని యిఱుకైనవానికి బైపాసు ఆయుష్షును పొడిగించును. అట్టివాడు ప్రకటన చదివి శస్త్రచికిత్సను వాయిదా వేసికొనుట ప్రాణముతో జూదమాడుట. గుండెపోటు వచ్చిన గడియలో పట్టీల ప్రసక్తియే లేదు. తక్షణము ఆసుపత్రికి పోవలెను. బృహద్ధమని కవాటము ఎక్కువగా కాఱువారికి, ఆ ధమని ఉబ్బినవారికి, కాలి సిరలలో రక్తము గడ్డకట్టినవారికి, అదుపులేని గతి తప్పిన నాడి గలవారికి ఇది తగదు.

అయినచో ఎవరికి? బైపాసు జరిగినది, స్టెంట్లు పడినవి, ఇక కోయుటకు చోటు లేదని వైద్యులు చెప్పిరి. మందులు మ్రింగుచున్నను స్నానము చేసిన నొప్పి, నాలుగు మెట్లెక్కిన నొప్పి. అట్టి మనుష్యుడు మనలో అనేకుల యిండ్లలో కలడు. అతడు వీధి చివరివఱకు నాలుక క్రింది బిళ్ళ లేకుండ నడువగలిగినచో 35 గంటలు వృథా కావు. ఇది బూటకమని కొట్టిపాఱవేయువారు అతని మంచము ప్రక్కన ఒక్క రాత్రి కూర్చుండవలెను.

పట్టీ కట్టించుకొనబోవువారు రూకలు చెల్లించుటకు ముందు అచ్చటివారిని అడుగవలసినవి కలవు. మా ఆంజియోగ్రామును హృద్రోగ వైద్యుడెవరైన చూచెనా? కవాటములను, కాలి నాళములను పరీక్షించితిరా? ఇప్పుడు వాడుచున్న మందులను మానుమందురా? ఈ కడపటి ప్రశ్నకు ఔనను సమాధానము వచ్చినచో లేచి యింటికి రావలెను.