మెత్తగా నూరుట యనగా నేమి?

మన యిండ్లలో వడ్లను దంచుదురు, పప్పును రుబ్బుదురు, పచ్చడిని నూరుదురు, పిండిని విసరుదురు. రోలు, రుబ్బురోలు, సన్నికల్లు, తిరగలి యను నీ నాలుగింటిలో నొకదాని పని మరియొకటి చేయజాలదు. గారెల పప్పును తిరగలిలో పోసిన గృహిణిని మేమెన్నడును చూచి యెరుగము. జీవశాస్త్ర ప్రయోగశాలలోను ఈ వివేకమే కావలసియున్నది. కాని విద్యార్థులు ప్రయోగశాల గడప దాటగానే దీనిని మరచి, ఎంత గట్టిగా నెంతసేపు నూరిన నంత మేలని తలంతురు. వారికి బోధించు మేమును చాలకాల మట్లే తలంచితిమి. అందువలన నొక బాలునికి మేము చేసిన యన్యాయమును ముందుగా చెప్పి, పిదప విషయమును వివరించెదము.

మా పాఠశాలలో పై తరగతివారిచేత మేక కాలేయముతో నొక ప్రయోగము చేయించుట వాడుక. కాలేయములో కెటలేసు అను ఎంజైము కలదు. అది హైడ్రోజను పెరాక్సైడును నీరుగను ప్రాణవాయువుగను విడగొట్టును; ఆ వాయువు నురుగై పైకి లేచును. కాలేయపు ముక్కను అట్లే వేసినచో పైపొరలలోని కణములు మాత్రమే పనిచేయును గనుక నురుగు కొంచెముగా వచ్చును. కల్వములో నూరి వేసినచో గొట్టము నిండి పొరలును. ఆ దినమున నొక బాలుని ముద్ద అందరి ముద్దలకంటెను మెత్తగా, గంధమువలె నుండెను. అయినను నురుగు వ్రేలెడు ఎత్తైనను లేవలేదు. "నీవు సరిగా నూరలేదు" అంటిమి. "అయ్యా, అందరికంటె నేనే యెక్కువసేపు నూరితినండి" అని యతడు మెల్లగా చెప్పెను. మేము వినక, అతని పుస్తకములో "అశ్రద్ధ" యని వ్రాసి మార్కులు తగ్గించితిమి.

సాయంకాలము సామానులు సర్దు సేవకుడు మాటవరుసకు అసలు సంగతి చెప్పెను. కల్వము శుభ్రముగా లేదని యెంచి ఆ బాలుడు దానిని సలసల కాగు నీటిలో నుంచి, తీసిన వెంటనే అందులో కాలేయము వేసి నూరెనట. మందమైన పింగాణి కల్వము వేడిని చాలసేపు పట్టియుంచును. ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొన మరల నీరు కానట్లే, అంతటి వేడి తగిలిన ఎంజైము మరల పనికి రాదు. బాలుడు నూరుటలో లోపము లేదు. అతడు వెదకుచున్న పదార్థము నూరుచుండగనే చెడిపోయినది. మేము "అశ్రద్ధ" యన్నది అతని శుభ్రతయే.

ఇక కణజాలమును నూరవలసిన యవసర మేమనగా: కాలేయ కణముయొక్క యడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు 50 వ వంతు మాత్రమే. దాని చుట్టు పలుచని పొర; లోపల కేంద్రకమును, మైటోకాండ్రియాలును, చిన్న చిన్న సంచులును గలవు. లోపలి పదార్థమును పరీక్షింపవలెనన్న పై పొరను పగులగొట్టక తప్పదు. కాని లోపలి సంచులను పగులగొట్టవలెనా వలదా యనునది మనము దేనిని వెదకుచున్నామో దానిని బట్టి యుండును. కాలేయము మెత్తనిది. కండరము నారలు గలది గనుక కత్తికి లొంగునంత సులభముగా రోకలికి లొంగదు. మొక్కల కణములకును, పులియజేయు ఈస్టు కణములకును పొరపైన గట్టి గోడ కూడ కలదు. అట్టివానికి ఇసుక వేసి నూరవలెను.

ఆ ఇసుకతోనే యొక గొప్ప సంగతి బయటపడెను. చక్కెర పులిసి సారాయి యగుటకు ప్రాణముతోనున్న కణము లుండి తీరవలెనని పాస్తరు మొదలగువారు నమ్మియుండిరి. జర్మనీదేశపు ఎడ్వర్డు బుక్నరు ఈస్టును స్ఫటికపు ఇసుకతోను, కీసెల్గూరు అను మెత్తని మట్టితోను కలిపి కల్వములో నూరి, ఆ ముద్దను గుడ్డలో చుట్టి, నీటి ఒత్తిడి యంత్రములో పిండి రసము తీసెను. రసము చెడకుండుటకై, మనము ఊరగాయలకును పాకములకును చేయునట్లు, చక్కెర చాల కలిపెను. చెడకుండుటకు వేసిన ఆ చక్కెరయే బుడగలెత్తి పులియసాగెను! జీవకణ మొక్కటియు లేని రసము జీవకణముల పనిని చేయుచున్నదని 1897 లో నతడు ప్రకటించెను. 1907 లో అతనికి రసాయనశాస్త్రమందు నోబెలు బహుమానము వచ్చెను. కల్వమును ఇసుకయు లేకున్న ఈ సంగతి తెలియకుండెడిది.

కల్వముతో నూరుటలో నొక చిక్కు కలదు: ఇద్దరు నూరిన ముద్దలు ఒక్క తీరున నుండవు. 1936 లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారైన పాటరు, ఎల్వెహెం అను నిద్దరు ఇందుకొక గాజు పరికరమును వర్ణించిరి. అది చూచుటకు పరీక్షనాళికవంటిది. అందులో సరిగా ఇమిడెడు పొత్రము మోటారుచే తిరుగుచుండగా, నాళికను పైకిని క్రిందికిని నడుపుదురు. గాజునకును పొత్రమునకును నడుమ తలవెండ్రుక పట్టునంత సందు మాత్రమే యుండును. కణజాలము ఆ సందులో దూరి పోవునపుడు ఒరిపిడికి పై పొర చినుగును, లోపలి భాగములు చాలవరకు నిలుచును. ఎన్నిమారులు నడిపితిమో లెక్కపెట్టి వ్రాసికొన్నచో మరియొకరు మరల అట్లే చేయవచ్చును. పొత్రమును వేగముగా పైకి లాగరాదు. గాలి చొచ్చి నురుగు పట్టును, నురుగులో ఎంజైములు చెడును. 1950 తరువాత డౌన్సు అనునతడు మోటారు లేకుండ చేతితో నడుపు గాజు పరికరమును వాడుకలోనికి తెచ్చెను. దానికి వదులుదియు బిగువుదియునగు రెండు పొత్రములు కలవు. కేంద్రకములను చెదరకుండ తీయువారికి అది యిష్టము.

మరియొక పరికరము వంటయింటినుండి వచ్చినది. ఫ్రెడ్ వేరింగు అను బ్యాండు నాయకుడు 1937 లో అమెరికాలో అమ్మకమునకు తెచ్చిన బ్లెండరు నేడు మనము మిక్సీ యనుదానికి అన్నవంటిది. దాని కత్తులు మిక్కిలి వేగముగా తిరిగి సమస్తమును చీల్చివేయును.

ఈ రెండు పరికరములకును గల భేదము బెల్జియం దేశములోని లూవేన్ నగరమున బయటపడిన తీరు మాకు మిక్కిలి యిష్టమైన కథ. 1949 లో క్రిస్టియన్ డి డువ్ అనునతడు ఎలుక కాలేయముపై ఇన్సులిను చేయు పనిని విచారించుచు, ఆ పనిలో భాగముగా ఆమ్ల ఫాస్ఫటేసు అను వేరొక ఎంజైమును కూడ కొలుచుచుండెను. బ్లెండరులో మంచినీటితో నూరినపుడు అది పుష్కలముగా కనబడెను. మెల్లని గాజు పరికరములో చక్కెరనీటితో నూరినపుడు అందులో పదియవ వంతు మాత్రమే కనబడెను. లెక్క తప్పెనని తలంచి మందును పారబోసినవాడైనచో కథ అంతటితో ముగిసియుండును. డి డువ్ బృందమువారు ఆ గొట్టములను శీతలపు పెట్టెలో నుంచి, అయిదు దినముల పిమ్మట మరల కొలిచిరి. ఎంజైము మునుపటికంటె ఎన్నో రెట్లు హెచ్చి కనబడెను! చచ్చిన కాలేయములో క్రొత్త ఎంజైము ఎక్కడనుండి పుట్టును? అది మొదటినుండియు నుండెను. పలుచని సంచులలో మూయబడియుండెను. మెల్లగా నూరినపుడు సంచులు నిలిచినవి, నిలువయున్నపుడు అవి చివికి విప్పుకొన్నవి. బ్లెండరు వానిని ముందుగనే చించివేయుటచేత దానితో పనిచేసిన వారికి సంచులున్నట్లే తెలియలేదు. ఆ సంచులకు 1955 లో లైసోసోములని పేరు పెట్టిరి. 1974 లో డి డువ్, క్లాడ్, పలాడే అను మువ్వురికి నోబెలు బహుమానము కలిసి వచ్చెను.

ఇట్టి ప్రయోగములలో విడుదలయైన ఫాస్ఫేటును కొలువవలెను గదా. అందుకు లోకమంతట చిరకాలము వాడబడిన పద్ధతికి మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు కలదు. ఆయన హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కెతో కలిసి 1925 లో దానిని ప్రకటించెను. కండరపు రసమును ఆ పద్ధతిచే పరీక్షించునపుడు నీలిరంగు వెంటనే రాక మెల్లమెల్లగా ముదురుట వారి కంటబడెను. ఏదో యొక సుకుమార పదార్థము పాత్రలోనే విడిపోవుచున్నదని గ్రహించి, 1927 లో ఫాస్ఫోక్రియాటినును వారు లోకమునకు తెలిపిరి. అది కండరమును కోసి నలుపుచుండగనే విరిగిపోవు పదార్థము. అందుచేత నిట్టివానిని వెదకువారు కండరమును ముందుగా గడ్డకట్టించి పిదప పొడిచేయుదురు.

నేటి పెద్ద ప్రయోగశాలలలో సున్నకు దిగువ 196 డిగ్రీల చల్లదనముగల ద్రవ నత్రజనిలో ఆకును ముంచి, రాయివలె గట్టిపడినపిమ్మట కల్వములో పొడి చేయుదురు. గట్టి గింజలవంటి గుండ్లను నమూనాతో గొట్టములో వేసి వడిగా కుదుపు యంత్రములును, చెవికి వినబడని ధ్వనిచే కణములను పగులగొట్టు పరికరములును కలవు. ఇవి యన్నియు వేడి పుట్టించును గనుక క్షణకాలము నడిపి, మంచులో నుంచి, మరల నడుపుదురు. మన పాఠశాలలకు ఈ యంత్రములు రావు, రాకున్నను కొరతలేదు. పింగాణి కల్వము, కడిగిన ఇసుక, మంచుగడ్డలు నిండిన పళ్ళెము చాలును. కల్వమును ప్రయోగమునకు అరగంట ముందుగా మంచులో నుంచవలెను. ఒకరి నమూనా కడుగక మరియొకరిది వేయరాదు. కడిగినది వేడినీరైనచో చల్లారువరకు ఆగవలెను. గాజు పొత్రమును పట్టువారు చేతికి మందపు గుడ్డ చుట్టుకొనవలెను, నాళిక పగిలినచో అరచేయి తెగును.

మరునాడు ఆ బాలుని పిలిచి, చల్లని కల్వము నిచ్చి, ఇతరులు చూచుచుండగా మరల నూరుమంటిమి. అతడు మాటాడక నూరెను. నురుగు గొట్టము దాటి బల్లమీద పొరలెను. మేము పుస్తకము తెప్పించి, పాత మాటను కొట్టివేసి, ప్రక్కన "పొరపాటు బోధకునిది" అని వ్రాసి సంతకము చేసితిమి. అతడు మాత్రము ఆ వ్రాతను చూడక, చల్లని కల్వములోను వేడి కల్వములోను కాక, గోరువెచ్చని కల్వములో నూరిన నేమగునండి యని అడిగెను.