పాత చీరలతో పిల్లల ఆటబొంత

"ఆ ఆట చాలించి అన్నానికి రా!" అని రోజుకి పదిసార్లు అరవని తల్లి ఎవరైనా ఉంటే ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టవచ్చు. సెల్‌ఫోన్ లాక్కుంటే ఏడుపు, ఇస్తే మాటా పలుకూ ఉండదు. మరి ఆ ఆటలోని బొమ్మనే మన కుట్టుమిషన్ మీదికి ఎక్కిస్తే?

మైన్‌క్రాఫ్ట్ పేరు మీ పిల్లల నోట వినే ఉంటారు. స్వీడన్‌కి చెందిన మార్కస్ పెర్సన్ తయారుచేసిన ఈ ఆట 2009లో మొదలై, 2011లో పూర్తి రూపంలో వచ్చింది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. అందులో చెట్టూ, కొండా, ఆవూ, గొర్రే అన్నీ చదరపు గళ్ళతోనే. క్రీపర్ అనే ఆకుపచ్చ భూతం చప్పుడు కాకుండా వెనకాలే వచ్చి బుస్సుమని పేలిపోతుంది. పంది బొమ్మ చేయబోతే ఎత్తూ పొడుగూ తారుమారై ఇది పుట్టిందట! పిల్లి కనబడితే మాత్రం పరుగో పరుగు.

క్రాస్ స్టిచ్ కుట్టిన మనకి గళ్ళ బొమ్మ కొత్తేమీ కాదు. మ్యాటీ గుడ్డ మీద చిలకను కుట్టినట్టే, ఇక్కడ ఒక్కో గడికి ఒక్కో గుడ్డముక్క. అంతే తేడా.

క్రీపర్ ముఖం అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 గళ్ళు. అందులో 44 ఆకుపచ్చ, 20 నలుపు. పై రెండు వరుసలూ పూర్తిగా పచ్చ. మూడు, నాలుగు వరుసల్లో 2, 3, 6, 7 గళ్ళు నలుపు. అవి కళ్ళు. అయిదో వరుసలో 4, 5. ఆరు, ఏడు వరుసల్లో 3, 4, 5, 6. ఎనిమిదో వరుసలో 3, 6. ముందు గళ్ళ నోటుబుక్కులో పిల్లల చేతే రంగు వేయించండి.

పచ్చ అంతా ఒకే రంగు కాకుండా చిలకపచ్చ, ఆకుపచ్చ, నాచురంగు కలిస్తేనే అందం. పాత నేత చీరలు ఇందుకు శ్రేష్ఠం. రంగు దిగుతుందేమో ముందుగా విడివిడిగా తడిపి చూసుకోండి. నాలుగున్నర అంగుళాల చదరాలు కత్తిరించి, పావు అంగుళం లోపలికి కుట్టండి. ముందు ఒక్కో వరుసా కుట్టి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాత వరుసల్ని కలపండి. ముఖం 32 అంగుళాలు వస్తుంది. రెండు పక్కలా 5, పైనా కిందా 14 అంగుళాల చొప్పున గుడ్డ అతికితే (కుట్టుకి అర అంగుళం కలుపుకోండి) 42 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు గల బొంత తయారు.

అడుగుకి ఒక్క చీర చాలు. అయిదున్నర మీటర్ల చీరని 62 అంగుళాల ముక్కలు మూడు చేసి, ఒకదానిమీద ఒకటి పరవండి. పైన ముఖం పెట్టి, పిన్నీసులు గుచ్చి, టాకాలు వేసి, మూడేసి వేళ్ళ ఎడంగా చేత్తో కుట్టుకు రండి. చుట్టూ చీర అంచుని పట్టీగా వేస్తే చక్కగా నిలుస్తుంది.

మా అత్తగారు పోయి ఏడాది దాటినా ఆవిడ చీరలు బీరువాలోనే ఉండిపోయాయి. కట్టుకోలేం, పారేయలేం. నాయనమ్మ పక్కలోనే పడుకునే మా చిన్నవాడు ఆ తర్వాత రాత్రిళ్ళు సరిగా నిద్రపోయేవాడు కాదు, ఆవిడ ఊసు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. నేను చీరలు తీస్తే మావారు, "ఆ ఆట చాలదని దానికి బొంత కూడానా?" అన్నారు. వాడు మాత్రం వచ్చి కూర్చుని, ముక్కలు లెక్కపెడుతూ, "ఇది నాయనమ్మ గుడికి కట్టుకెళ్ళేది, నుదురు మీద పెట్టమ్మా" అన్నాడు. ఇక ఆ సాయంత్రమంతా ఆవిడ కబుర్లే. మావారూ వచ్చి చేరారు. మూలన ఒక పిల్లిబొమ్మ కుట్టమన్నది కూడా వాడే, క్రీపర్ రాకుండా!

బడిలో వేషాల పోటీకయితే ఇదే లెక్క. 12 అంగుళాల అట్టపెట్టెకి పచ్చ కాగితం అంటించి, అంగుళంన్నర గళ్ళు గీయండి. కళ్ళూ నోరూ కత్తిరించి, లోపలినుంచి నల్ల నెట్ గుడ్డ అంటిస్తే పిల్లవాడికి దారి కనబడుతుంది. గాలి ఆడేందుకు వెనకవైపు పూర్తిగా తీసేయండి. అది పెట్టుకుని మెట్లు ఎక్కనివ్వకండి, దీపాల దగ్గరికి పోనివ్వకండి. కత్తి కావాలంటే అట్టముక్కలు మూడు పొరలుగా ఫెవికాల్‌తో అంటించి, గళ్ళ మెట్లుగా కోసి, లేత నీలిరంగు వేస్తే సరి.

ఆ ఆటలో చీకటి పడితే భూతాలు బయలుదేరతాయి. మూడు ఉన్ని దిమ్మలు, మూడు చెక్కలతో మంచం చేసుకుని పడుకుంటే రాత్రి గడిచి తెల్లారిపోతుంది. ఆ సంగతి మనకి తెలియందా? ఈ సెలవుల్లో బీరువా తెరవండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.